సందు ఉండనివ్వండి

కారు బాగుందో లేదో తేల్చుకోవడానికి మనకు తెలిసిన మొదటి పరీక్ష చెవి. బానెట్ ఎత్తి, తల వంచి, "ఏదో టకటకమంటోంది మేస్త్రీ, చూడండి" అంటాం. ఆ టకటక పోయేదాకా ఊరుకోం. పోయిందంటే రిపేరు అయిపోయిందని నమ్మి, డబ్బులిచ్చి బండి ఇంటికి తెచ్చుకుంటాం. ఇంజిన్ మూగగా నడిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టేనన్న మాట మనలో చాలామంది మనసుల్లో నాటుకుపోయింది. వాల్వుల దగ్గర ఈ నమ్మకం ఎంత నష్టం చేస్తుందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఈ సంగతి నేను నేర్చుకున్నది అంబాసిడర్ మీద. అందుకని దానితోనే మొదలుపెడతాను. 1950ల చివర మొదలై, 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయేదాకా ఆ కారు ఈ దేశాన్ని మోసింది. మన జిల్లాల్లో కలెక్టరు గారూ అదే ఎక్కారు, పెళ్ళివారూ అదే ఎక్కారు. దాని పెట్రోలు ఇంజిన్ చాలాకాలం పాటు 1489 సీసీది, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ వంశానిది. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ప్రతి వాల్వు కాడ కొసకూ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య పదిహేను థౌ సందు ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పదిహేను థౌ అంటే 0.38 మిల్లీమీటర్లు. షెడ్లలో దీన్ని ట్యాపెట్ గ్యాప్ అంటారు, సరిచేయడాన్ని ట్యాపెట్ సెట్టింగ్ అంటారు. అంత బరువైన కారు పికప్, మైలేజీ, ఆయుష్షు కొంతవరకు ఈ సందు మీద ఆధారపడి ఉంటాయి.

సందు ఎందుకో తెలియాలంటే ఇంజిన్ ఊపిరి తీసుకునే తీరు కాస్త చెప్పాలి. సిలిండరుకు రెండు వాల్వులు. ఇన్‌లెట్ నుంచి గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వస్తాయి, ఎగ్జాస్ట్ నుంచి కాలిన వాయువు బయటికి పోతుంది. వీటిని తెరిచేది క్యామ్ షాఫ్ట్. అంబాసిడర్‌లో అది కింద, బ్లాకులో తిరుగుతుంది. దాని మీది బొడిపె ట్యాపెట్‌ను ఎత్తుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ను ఎత్తుతుంది, పుష్ రాడ్ రాకర్ ఒక కొసను ఎత్తుతుంది, రాకర్ రెండో కొస దిగి వాల్వు కాడను నొక్కుతుంది. తెరవడం ఇంతమంది చేతుల మీదుగా జరిగితే, మూయడం మాత్రం ఒక్క స్ప్రింగు పని. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ మూడు వేల ఆర్‌పీఎం మీద నడుస్తుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అదే వేగంతో అయిదు గంటలు నడిస్తే, ఒక్కో వాల్వు నాలుగున్నర లక్షల సార్లు తన సీటు మీద కూర్చుని లేస్తుంది. ఆ కూర్చోవడం పూర్తిగా, నిబ్బరంగా జరగాలి. దానికోసమే సందు.

లోహం వేడెక్కితే పెరుగుతుంది. వంద మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ నాలుగు వందల డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. ఇంజిన్‌లో వాల్వు ఒక్కటే పెరగదు. బ్లాకూ పెరుగుతుంది, హెడ్డూ పెరుగుతుంది, పుష్ రాడ్‌లూ పెరుగుతాయి. ఒక్కొక్కటి ఒక్కో వేడికి, ఒక్కో పాళ్ళలో. ఆ పెరుగుదలల తేడా ఎంతో, ఆ తేడా పోయాక కూడా వాల్వు మూసుకోవడానికి ఎంత వెసులుబాటు మిగలాలో లెక్కగట్టి, ఇంజిన్ గీసినవాళ్ళు ఒక అంకె ఇస్తారు. పాత రైలు పట్టాల జాయింట్ల దగ్గర వేసవి కోసం ఖాళీ వదిలేవారు చూడండి, ఆ ఖాళీ లేకపోతే మే నెల ఎండకు పట్టాలు వంకరపోతాయి. ఇదీ అలాంటిదే. ఇప్పుడు లేని వేడి కోసం ఇప్పుడే చోటు వదలాలి.

అన్ని ఇంజిన్లలో వేడి సందును ఒకేలా మార్చదు. దీన్ని నేను చాలామందికి చెప్పి చూశాను, ఆశ్చర్యపోతారు. మారుతి 800కు హెడ్డు అల్యూమినియందే, క్యామ్ కూడా పైనే. దాని సర్వీసు మాన్యువల్‌లో చల్లని ఇంజిన్‌కు ఒక కొలత, వేడి ఇంజిన్‌కు మరో కొలత ఉంటాయి. వేడి కొలతే పెద్దది. అంటే అక్కడ వేడెక్కితే సందు విచ్చుకుంటుంది. కారు కాకపోయినా బుల్లెట్ మోటార్ సైకిల్ సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు సందు కొలిచే ఫీలర్ గేజి అక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్‌ను రెండు వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. సందు సున్నా. ఇంజిన్ వేడెక్కాక కావలసిన సందు అదే ఏర్పడుతుంది. కాబట్టి కొలత పక్కన "చల్లగా" అని ఉందో "వేడిగా" అని ఉందో చూడకుండా గేజి పట్టుకుంటే ఆ కొలతకు అర్థం లేదు. ఎదురుగా ఉన్న ఇంజిన్‌ను చూస్తూ, గంట తర్వాత రోడ్డు మీద నడిచే ఇంజిన్‌కు సెట్ చేయాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే.

ఇప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరకు వద్దాం. ఇంజిన్ మొత్తంలో ఇంత కష్టపడే ముక్క మరొకటి లేదని నా అభిప్రాయం. సిలిండరులో మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ మంట బయటికి పోయే దారిలో ఈ వాల్వు నిలబడి ఉంటుంది. దాని తల ఏడెనిమిది వందల డిగ్రీల దాకా వేడెక్కి ఎర్రబడుతుంది. ఇన్‌లెట్ వాల్వును చల్లని గాలీ పెట్రోలూ తడిపి చల్లబరుస్తాయి, దీనికి ఆ భాగ్యం లేదు. మరి కరిగిపోకుండా ఎలా బతుకుతోంది? మూసుకున్నప్పుడు సీటుకు ఆనుకుని ఉండే ఆ సన్నని అంచు ద్వారా వేడిలో ఎక్కువ భాగం హెడ్డులోకి పోతుంది. హెడ్డు చుట్టూ రేడియేటరు నీళ్ళు తిరుగుతుంటాయి. మిగిలిన కొంత కాడ వెంట గైడులోకి పోతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగే సమయంలో సుమారు మూడో వంతు ఈ వాల్వు తెరిచి ఉంటుంది, మిగతా రెండు వంతులూ సీటు మీద ఉంటుంది. ఆ రెండు వంతులే దాని విశ్రాంతి, దాని ప్రాణం.

సందు తగ్గిపోయిందనుకోండి. ఇంజిన్ వేడెక్కగానే ఉన్న కాస్త ఖాళీ కూడా పోతుంది. క్యామ్ వెనుక గుండ్రటి భాగం మీదికి తిరిగినా రాకర్ వాల్వును పూర్తిగా వదలదు. స్ప్రింగు ఎంత లాగినా వాల్వు సీటుకు వెంట్రుక వాసి దూరంలో ఆగిపోతుంది. వేడి పోయే దారి తెగిపోతుంది. ఆ వెంట్రుక వాసి సందులోంచి మండుతున్న వాయువు గ్యాస్ కట్టర్ మంటలా దూసుకుపోయి వాల్వు అంచును కోసేస్తుంది. దీన్నే మెకానిక్కులు వాల్వు కాలిపోయింది అంటారు. ఆ సిలిండరులో కంప్రెషన్ పడిపోతుంది, ఇంజిన్ మిస్ కొడుతుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కాళ్ళు ఈడుస్తుంది. అప్పటికి గేజితో అయ్యే పని దాటిపోయింది. హెడ్డు దించాలి, వాల్వు మార్చాలి, సీటు కోయించి గ్రైండింగ్ పేస్టుతో వాల్వును రుద్ది కూర్చోబెట్టాలి. ఒక పూట పని వారం పని అవుతుంది.

ఈ వ్యాసం రాయడానికి కారణమైన సంగతి ఇక్కడుంది. సందు తగ్గిపోతున్నంతసేపూ ఇంజిన్ చప్పుడు చేయదు. చప్పుడు చేసేది ఎక్కువైన సందు. తక్కువైన సందు మూగది. రాకర్‌కూ వాల్వుకూ ఎడం లేదు కాబట్టి తగులుకునే శబ్దమే ఉండదు. ఇంజిన్ రోజురోజుకూ నిశ్శబ్దమవుతుంటే యజమాని సంతోషిస్తాడు.

చప్పుడు చేసే సందు మంచిదని నేను అనడం లేదు. క్యామ్ బొడిపెను చెక్కేటప్పుడు దానికి మొదట్లో ఒక నిదానమైన వాలు పెడతారు. సందు సరిగ్గా ఉంటే రాకర్ వాల్వును తాకే క్షణం ఆ వాలు మీద పడుతుంది, దెబ్బ మెత్తగా తగులుతుంది. మూసుకునేటప్పుడు కూడా అంతే, వాల్వు సీటు మీద నెమ్మదిగా దిగుతుంది. సందు బాగా ఎక్కువైతే ఆ వాలు దాటిపోయాక, బొడిపె నిటారుగా లేచే చోట రాకర్ వెళ్ళి కాడను కొడుతుంది. అదే మనకు వినపడే గట్టి టకటక. దానివల్ల కాడ కొస, రాకర్ ముక్కు, ట్యాపెట్ అడుగు అరుగుతాయి. వాల్వు ఎత్తు తగ్గుతుంది, తెరిచి ఉండే వ్యవధి తగ్గుతుంది, ఇంజిన్ సరిపడా గాలి పీల్చలేదు. ఇది రోగమే. అయితే ఇది అరిచి చెప్పే రోగం, వైద్యానికి వ్యవధి ఇచ్చే రోగం. తక్కువైన సందు నోరు మెదపకుండా వాల్వును కాల్చేస్తుంది. రెండిట్లో దేనికి భయపడాలో అనుభవమున్న ప్రతి మేస్త్రికీ తెలుసు.

తెలిసీ కొందరు మేస్త్రులు సందు బిగిస్తారు. వాళ్ళను పూర్తిగా తప్పుపట్టలేను. బండి తెచ్చినవాడు గేజి చూడడు, చెవి మాత్రం పెడతాడు. పదిహేను థౌ పెడితే "ఇంకా వినపడుతోందేంటి?" అంటాడు. పన్నెండుకో పదికో బిగిస్తే "ఆహా, ఏం చేశారండీ" అంటాడు. ఒకటికి నాలుగుసార్లు ఇలా జరిగాక ఏ మేస్త్రి అయినా మెప్పు వచ్చే దారే పడతాడు. వాల్వు కాలడానికి నెలలు పడుతుంది, అప్పటికి ఆ కారణం ఎవరికీ గుర్తుండదు. పెట్రోలు కల్తీ అంటారు, ఇంజిన్ పాతబడింది అంటారు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రి మాత్రం ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినేవాడు కాదు. ఒకాయన అంబాసిడర్ స్టార్ట్ చేయించి, రాకర్ కవరు మీద చెయ్యి పెట్టి, "ట్యాపెట్ సౌండ్ ఇంకా ఉంది కదా మేస్త్రీ, అదొక్కటీ తీసేయండి" అన్నాడు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ దగ్గరకొచ్చాడు.

"ఉండాలండీ. సన్నగా ఉండాలి, ఎనిమిదీ ఒకేలా ఉండాలి. ఏదన్నా ఒకటి మూగబోయిందనుకోండి, ముందు దాని దగ్గరికే పోతా నేను."

"పక్క షెడ్‌లో అయితే చప్పుడే లేకుండా చేసిచ్చారండీ మా బావమరిదికి."

"ఇచ్చుంటారండీ. ఆయన్ని వచ్చే ఏడు హెడ్డు దించాల్సొస్తే నా దగ్గరికి రమ్మనండి, చేసిపెడతా."

ఆ మాటలో వెటకారం లేదు. అవతలి బండి మీద జాలి ఉంది.

ఇక ఆ పని ఎలా చేస్తారో చెప్పాలి. నాకిష్టమైన భాగం ఇదే, కొంచెం తీరిగ్గా చెబుతాను. రాకర్ కవరు విప్పాలి. దాని కింది ప్యాకింగ్ గట్టిపడి ఉంటే కొత్తది సిద్ధంగా ఉంచుకోవాలి, లేకపోతే మర్నాటికి ఇంజిన్ పక్కనంతా ఆయిలు కారి ఉంటుంది. నాలుగు ప్లగ్గులూ తీసేస్తే లోపల కంప్రెషన్ ఉండదు, ఇంజిన్ చేతితో తేలిగ్గా తిరుగుతుంది. అంబాసిడర్‌కు ముందు వైపు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పుకోవచ్చు. ఇప్పుడు వాల్వులను రేడియేటరు వైపు నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టుకోవాలి. ఎనిమిదో వాల్వు పూర్తిగా దిగి తెరుచుకున్నప్పుడు ఒకటోదాని సందు చూడాలి. ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది. ఆరు తెరిస్తే మూడు, అయిదు తెరిస్తే నాలుగు. అటునుంచి కూడా అంతే, ఒకటి తెరిస్తే ఎనిమిది. రెండూ కూడితే తొమ్మిది రావాలి. చదువు రాని కుర్రవాడికి కూడా షెడ్‌లో చేరిన వారంలో ఈ తొమ్మిది లెక్క పట్టుబడుతుంది. దీని వెనుక ఉన్న జామెట్రీ ఇంకా అందమైనది. ఆ జంటలోని రెండు బొడిపెలూ క్యామ్ షాఫ్టు మీద ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల ఎడంలో ఉంటాయి. ఒకటి శిఖరం మీద ఉందంటే రెండోది గుండ్రటి వీపు నడిమధ్యన విశ్రాంతిగా ఉందన్నమాట. క్యామ్‌ను కళ్ళతో చూడకుండానే అది ఎక్కడుందో ఒక చిన్న కూడిక చెప్పేస్తోంది.

తర్వాత బ్లేడు. మన షెడ్లలో ఫిల్లర్ గేజి అని పిలిచే ఆ సన్నని ఉక్కు రేకుల కట్టలోంచి పదిహేను విప్పి, దానికి కాస్త ఆయిలు పూసి, రాకర్ ముక్కుకూ కాడకూ మధ్య పెట్టి లాగాలి. వదులుగా జారిపోకూడదు, పట్టుకుపోకూడదు. వేలికి సన్నని పట్టు తగలాలి. ఆ పట్టు ఎంతో మాటల్లో చెప్పడం కష్టం. అందుకే తెలివైన మేస్త్రులు కొత్త కుర్రవాళ్ళకు ఇంకో దారి చూపిస్తారు. పద్నాలుగు స్వేచ్ఛగా పోవాలి, పదహారు దూరకూడదు. ఆ రెండిటి మధ్య పదిహేను ఎలా ఉంటుందో వేలికి అప్పుడు తెలుస్తుంది. ఆ స్పర్శ ఒకసారి పట్టుబడితే పోదు.

సందు సరిపోయాక స్క్రూడ్రైవరుతో రాకర్ మీది సర్దుబాటు స్క్రూను కదలకుండా పట్టుకుని రింగ్ స్పానరుతో చెక్ నట్ బిగించాలి. ఎంత గట్టిగా పట్టుకున్నా నట్ బిగిసేటప్పుడు స్క్రూ కొద్దిగా తిరుగుతుంది. కాబట్టి బిగించాక మళ్ళీ కొలవాలి. ఆ రెండో కొలతను ఎగ్గొట్టేవాళ్ళు చాలామంది. పనివాడి నాణ్యత చూడాలంటే నేను అక్కడ చూస్తాను. ఇంకో సంగతి పుస్తకాల కన్నా షెడ్లలోనే ఎక్కువ వినపడుతుంది. చాలా ఏళ్ళు నడిచిన ఇంజిన్‌లో రాకర్ ముక్కు మీద, కాడ కొస వెడల్పు మేరకు చిన్న గుంట పడుతుంది. గేజి బ్లేడు చదునైన రేకు కదా, ఆ గుంటలోకి దిగదు, గుంట అంచుల మీద వంతెనలా నిలుస్తుంది. గేజి పదిహేను చూపిస్తుంది, అసలు సందు ఇరవైకి పైన ఉంటుంది. ఎన్నిసార్లు సెట్ చేసినా చప్పుడు పోని ఇంజిన్లలో చాలావాటికి ఇదే కారణం. అక్కడ స్క్రూను ఇంకా బిగించి లాభం లేదు. రాకర్ ముక్కును సానబట్టించాలి, లేదా రాకర్ మార్చాలి.

పెర్ఫార్మెన్స్ పెరగాలని వచ్చే కుర్రవాళ్ళను చూస్తే నాకు ఇష్టం. ఇంజిన్ మీద ప్రేమ లేనిదే ఆ కోరిక పుట్టదు. అయితే వాళ్ళు ఆశించేది, ట్యాపెట్ సెట్టింగ్ ఇవ్వగలిగేది కొంచెం వేరు. రేసు ఇంజిన్లు కట్టేవాళ్ళు సందుతో ప్రయోగాలు చేస్తారన్నది నిజం. రెండు మూడు థౌ తగ్గిస్తే వాల్వు కాస్త ముందే తెరుచుకుని, కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది. ఎత్తు కూడా ఆ మేరకు పెరుగుతుంది. పెంచితే దీనికి ఎదురు. తగ్గించినప్పుడు పై ఆర్‌పీఎంలో బలం పెరిగితే ఆ ఇంజిన్ ఇంకాస్త పెద్ద క్యామ్ అడుగుతోందని అర్థం చేసుకుంటారు. పెంచినప్పుడు బాగుంటే క్యామ్ ఎక్కువైందని అర్థం చేసుకుంటారు. అది ఇంజిన్‌ను ప్రశ్న అడిగే పద్ధతి. జవాబు దొరికాక వాళ్ళు క్యామ్ మారుస్తారు. పైగా ఆ ఇంజిన్‌ను ప్రతి రేసుకూ విప్పి చూసుకుంటారు. రోజూ ఆఫీసుకు వెళ్ళి వచ్చే కారులో ఆ రెండు థౌ తగ్గిస్తే దక్కేది చెప్పుకోదగ్గంత ఉండదు, పోయేది మాత్రం ఎగ్జాస్ట్ వాల్వు.

నిజమైన లాభం సమానత్వంలో ఉంది. ఒక సిలిండరుకు పన్నెండు, ఒకదానికి ఇరవై, ఇంకోదానికి పద్దెనిమిది ఉన్న ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లూ నాలుగు రకాలుగా గాలి పీలుస్తాయి. కార్బరేటరు ఒక్కటే, అది ఎవరికి తగ్గట్టు పెట్రోలు ఇవ్వాలి? ఒకరికి సరిపెడితే ఇంకొకరికి ఎక్కువవుతుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ ఊగుతుంది. కార్బరేటరు స్క్రూలు తిప్పి తిప్పి అలిసిపోతారు. అందుకే పాత మేస్త్రులు ట్యూనింగ్‌కు ఒక వరస పాటిస్తారు. ముందు వాల్వులు, తర్వాత కాంటాక్ట్ పాయింట్లూ టైమింగూ, చివరికి కార్బరేటరు. ఈ వరస తలకిందులు చేస్తే చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయాలి. ఎనిమిది వాల్వులూ ఒకే కొలతకు వచ్చాక, ప్లగ్గులు పెట్టి, స్టార్ట్ చేసి వినండి. కుట్టుమిషను శబ్దానికి దగ్గరగా ఒక వరస లయ వస్తుంది. పికప్ తిరిగి వస్తుంది. కొత్తగా చేర్చిన బలం కాదది, తయారైన రోజున ఇంజిన్‌కు ఉన్నదే. ఏళ్ళ తరబడి అరుగుదలలో పోగొట్టుకున్నదాన్ని తిరిగి ఇప్పించడం ఎంత గొప్ప పనో, ఆ కారు మళ్ళీ మూడో గేరులో గట్టు ఎక్కినప్పుడు తెలుస్తుంది.

ఈ సందును కొలిచే బాధ్యత మనిషికి తప్పించాలని ఇంజినీర్లు వందేళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. 1930లో వచ్చిన కాడిలాక్ వి-16 కారులో ఆయిలు ఒత్తిడితో తనంతట తానే సందును సర్దుకునే హైడ్రాలిక్ ఏర్పాటు చేశారు. ఇవాళ ఎన్నో కార్లలో అదే సూత్రం పనిచేస్తోంది. తర్వాత వచ్చిన యూనిట్ కన్‌స్ట్రక్షన్ (యూసీఈ) ఇంజిన్ బుల్లెట్‌లో కూడా ఆ వేళ్ళతో పుష్ రాడ్ తిప్పి చూసే పని లేకుండా పోయింది. మెర్సిడెస్ వారు ఇంకో దారి పట్టారు. 1954లో రేసుల్లోకి దింపిన డబ్ల్యు-196లో స్ప్రింగునే తీసేసి, వాల్వును తెరవడానికి ఒక క్యామ్, మూయడానికి ఒక క్యామ్ పెట్టారు. రేసు డ్రైవరు ఫాంజియో ఆ కారుతోనే 1955 ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇటలీలో డుకాటి సంస్థకు ఇంజినీరు ఫాబియో టాలియోని 1956లో అదే పద్ధతిని రేసు బైకులో చేసిచ్చాడు. వేగం పెరిగింది, కానీ సందు పోలేదు. తెరిచే వైపు ఒకటి, మూసే వైపు ఒకటి, వాల్వుకు రెండు సందులు కొలవాల్సి వచ్చింది. హైడ్రాలిక్ వాటికి గేజి అక్కర్లేదు నిజమే, వాటికి శుభ్రమైన ఆయిలు కావాలి. ఆయిలు మార్చకుండా నడిపితే వాటి సన్నని దారులు మూసుకుపోయి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే అవీ టకటకలాడతాయి.

మన రోడ్ల మీద ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. పిల్లల మెదళ్ళను దెబ్బతీసే విషం అది, పోవడమే మంచిది. అయితే పాత ఇంజిన్లకు ఆ సీసం ఒక మేలు చేసేది. ఎగ్జాస్ట్ వాల్వుకూ సీటుకూ మధ్య పలచని పొరలా పేరుకుని రెండు లోహాలూ నేరుగా రాపాడకుండా కాపాడేది. మెత్తటి పోతఇనుప సీట్లున్న పాత ఇంజిన్లకు ఆ కాపుదల పోయింది. సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్డులోకి దిగబడుతుంది, అంటే దాని కాడ పైకి లేస్తుంది, రాకర్ వైపు జరుగుతుంది. సందు తగ్గిపోతుంది. చప్పుడు లేకుండా. తర్వాత వచ్చిన ఇంజిన్లకు గట్టి లోహపు సీట్లు వేశారు, పెట్రోలు మీద వాటికి ఈ బాధ దాదాపు లేదు.

కానీ మనం వాటికి గ్యాసు కిట్లు బిగించాం. పెట్రోలు ఖర్చు భరించలేక ఎల్పీజీకో సీఎన్‌జీకో మారిన ట్యాక్సీ డ్రైవర్లు, చిన్న ఉద్యోగులు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. వాళ్ళది న్యాయమైన నిర్ణయం, నేను కాదనను. గ్యాసు పొడిగా వెళ్ళే ఇంధనం. పెట్రోలు తడి గానీ, అది వదిలే పలచని మసి పొర గానీ సీట్లకు దక్కవు. అందుకే గ్యాసు మీద సీట్లు తొందరగా అరుగుతాయి, సందు తొందరగా మూసుకుపోతుంది. బయటి నుంచి కిట్ వేయించుకున్న బండిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఆ సీట్లను పెట్రోలు కోసం తయారు చేశారు కాబట్టి. కిట్ బిగించేవాళ్ళు సిలిండరు పరీక్ష గురించి చెబుతారు, పైపుల లీకేజీ గురించి చెబుతారు. వాల్వుల గురించి చెప్పేవాళ్ళు తక్కువ. రోజంతా స్టాండు నుంచి స్టాండుకు తిరిగే బండి, దాని మీదే ఇల్లు గడిచే మనిషి. హెడ్డు దించాల్సి వస్తే పనికి పని పోతుంది, కిట్ మీద మిగిల్చుకున్న డబ్బూ పోతుంది. గేజి పెట్టి చూసే ఒక్క గంట పని దీన్ని ఆపగలదు.

కాబట్టి గ్యాసు మీద నడిపే ప్రతి ఒక్కరినీ, పాత కారును ప్రేమగా ఉంచుకున్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. మీ బండి మాన్యువల్ తెరిచి, దానికి సందు సెట్ చేసే పద్ధతి ఉందో, హైడ్రాలిక్‌దో చూడండి. సెట్ చేసేదైతే మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు ఒకసారి, గ్యాసు మీదైతే ఇంకా ముందే, ఇంజిన్ ఆ కొలతకు చెప్పినట్టు చల్లగానో వేడిగానో ఉన్నప్పుడు కవరు విప్పించండి. చప్పుడు తగ్గించమని మేస్త్రిని అడగకండి. ఏ వాల్వుకు ఎంత ఉంది, ఎంతకు పెట్టారు అని అడగండి, ఆ అంకెలు బిల్లు వెనక రాయించుకుని దాచుకోండి. వచ్చేసారి కొలిచినప్పుడు ఎగ్జాస్ట్ అంకె ఎంత తగ్గిందో చూస్తే, సీటు ఎంత అరిగిందో మీకే తెలిసిపోతుంది.